ట మీద పొల్లు

పోయినేడాది ఉప్పు మళ్లు మొదలైన వారంలోనే మా నాన్న ఏంప్లిఫయరు నాబు విరగ్గొట్టాడు. ఎండలు ముదిరి, ఉప్పు గుట్టల మీద తాటాకు కప్పే వేళకి మా ఇంట్లో పాట లేదు. ఈ రెండింటికీ మధ్య జరిగిందాంట్లో నా చెయ్యి ఉంది. అందుకే నేను చెబుతున్నాను. మా అమ్మ చెబితే నన్ను తప్పించి చెబుతుంది. మా నాన్న అసలు చెప్పడు.

మాది నౌపడ. రైలు దిగి నిలబడితే ఒకపక్క ఊరు, రెండోపక్క కళ్లు నిలవనియ్యని తెల్లటి ఉప్పు. మా నాన్న తోమా ఆ మళ్లలో ముప్పయ్యేళ్లుగా ఉప్పు గీస్తున్నాడు. నేను డిగ్రీ చదివి నౌపడకీ టెక్కలికీ మధ్య ఆటో తోలుతున్నాను. మా స్టాండులో నా బండిని ‘బీయే ఆటో’ అంటారు.

నాన్నకి కూడు పెట్టింది ఉప్పయినా పేరు పెట్టింది బెంజో. ఒళ్లో పెట్టుకునే పొడుగాటి చెక్కపెట్టె అది. ఎడం చేత్తో టైపు మిషనులాంటి మీటలు నొక్కుతూ కుడిచేత్తో తీగలు మీటాలి. వైరు తగిలించి ఏంప్లిలో పెడితే ముక్కుతో పాడే ముసలమ్మ గొంతులా జీరగా, తియ్యగా పలుకుతుంది. పెళ్లిళ్ల రోజుల్లో టెక్కలి బేండు పార్టీతో వెళ్లేవాడు. డప్పులకీ, తలకి జానెడు దూరంలో వేలాడే మైకు హారన్లకీ మధ్య నడుస్తూ ఊరేగింపులన్నీ వాయించాడు. ఆదివారం మాత్రం చర్చిదే.

చర్చిలో ఆయనకి ఒక చోటు ఉంది. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఏడో మాట అయ్యాక మా సంఘంలో ఎవరూ పాడరు, ప్రార్థన కూడా పైకి చెయ్యరు. బెంజో ఒక్కటే మోగుతుంది. అది ఆగాక జనం నోరెత్తకుండా ఇళ్లకి పోతారు. ఎవరు పెట్టారో ఈ పద్ధతి, నేను పుట్టకముందు నుంచీ ఉంది. నేను పుట్టకముందు నుంచీ ఆ బెంజో మా నాన్నదే.

ఆ ఏడు సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు నన్ను వేపచెట్టు నీడకి పిలిచారు.

“ఇమ్మానుయేలూ, మీ నాన్నగారికి నేను చెప్పలేను. పెద్దవారు. కానీ ఆ సౌండు చూశావు కదా! పసిపిల్లలు జడుసుకుంటున్నారు. తవిటమ్మ మామ్మగారు గుండె పట్టుకుని బయటికి వెళ్లిపోయారు. గుడ్ ఫ్రైడేకి ఇలాగే అయితే జనం ఏడవరు బాబూ, లేచిపోతారు.”

“సెప్తానండి” అన్నాను.

“తగ్గిస్తే ఆయన చోటు ఆయనదే. లేకపోతే మన అనూష కీబోర్డు నేర్చుకుంటోంది...” మాట సగంలో ఆపి భుజం తట్టారు.

నాన్న చెవులు కాస్త మందమని మా అందరికీ తెలుసు. ఆయన మొహం మీద మాత్రం ఎవరమూ అనలేదు. ఆసుపత్రి మాటెత్తితే “ముప్పయ్యేళ్లు సెవితోనే బతికేను, నా సెవికేటి?” అనేవాడు. ఆయన లెక్కలో తప్పంతా ఉప్పుది. మా ఊళ్లో ఏది చెడినా ఉప్పు తినేసిందంటాం. తలుపు గొళ్లెం, సైకిలు గొలుసు, ఫోను, ఆటో అడుగురేకు. ఏంప్లి కూడా ఆ వరసలో చేరింది.

ఆ వచ్చిన శనివారం సాయంత్రం వాకిట్లో కూర్చుని బెంజో శ్రుతి చేస్తున్నాడు.

“ఒరే ఇమ్మాను, దీని సౌండు తగ్గిపోతందిరా. లోపల ఏటో ఉప్పు తినీసినట్టుంది.”

మా అమ్మ భాగ్యమ్మ ఒక చెవి కొంగుతోనూ రెండో చెవి అరచేత్తోనూ మూసుకుని ఉంది. “తగ్గిపోతందా! నీ సౌండుకి గోడ మీది బల్లి కింద పడిపోనాది మావా!”

“బిళ్లా? ఎక్కడ పడిపోనాది? ఎతుకు మరి.”

“బిళ్ల కాదు, బల్లి! సరే, అదలగుంచు. రేపటికి బియ్యం నేవు.”

“కయ్యమా? ఎవులితోటి?”

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. నాన్న కూడా మా మొహాలు చూసి నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నామో తెలియనప్పుడు ఆయన అలాగే చేసేవాడని నాకు తర్వాత గాని తట్టలేదు.

అప్పటికే నాబు ఈ చివరికి, పది మీదికి వచ్చేసి ఉంది. ఇంకా తిప్పాడు. తిరగలేదు. లోపలికి వెళ్లి నా ఆటో పటకారు తెచ్చాడు. ఉప్పు పార పట్టిన చెయ్యి కదా, నేను “ఉండు నాన్నా” అనేలోపే టప్పుమంది. నాబు రెండు ముక్కలై ఒళ్లో పడింది. దాని కింద ఉండే ఇత్తడి కాడ వంకరపోయింది. ఏంప్లి ఒకటే కూత. వీధిలో కుక్కలు లేచాయి. నేను పరుగెత్తి వైరు పీకాను.

కూత ఆగాక ఆయన ముక్కల్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు.

“సూసేవా, అంతా ఉప్పే” అన్నాడు.

*

పలాసలో బాబ్జీ కొట్టు కాశీబుగ్గ వైపు, జీడిపప్పు మిల్లుల వెనక సందులో ఉంటుంది. ఆ సందులో అడుగు పెడితే కాలిన జీడిపెంకు వాసనకి గొంతు మండుతుంది. బాబ్జీకి అలవాటే. నోట్లో టంకం తీగ ముక్క పెట్టుకుని పుల్లలా నములుతూ పని చేస్తాడు. మా బేండు పార్టీలన్నిటి డబ్బాలకీ వైద్యుడు అతనే.

ఏంప్లి వెనక రేకు విప్పి లోపల్నుంచి ఉసిరికాయంత డబ్బా ఒకటి పీకి నాకు చూపించాడు.

“ఇదీ బావా, పాట్ అంటే. నాబుకి తల్లి. లోపల నల్లటి పట్టా ఉంటాది, గుర్రం నాడాలాగ. దాని మీద చిన్న ఇత్తడి నాలిక జారతాది. ఎంత జారితే అంత సౌండు. ఈ కొసని అడ్డు ఉంటాది, ఇంక సాలు అనడానికి. ఆ అడ్డుని ఇరగ్గొట్టీసేడు మహానుభావుడు.”

“ఉప్పు తినీసినాదేమో అన్నాడు మా నాన్న.”

“ఉప్పా?” దాన్ని లైటు కింద తిప్పి చూశాడు. “కొత్త పెళ్లికూతుర్లా మెరిసిపోతంది లోపలంతా. ఉప్పూ లేదు, తుప్పూ లేదు. దీన్ని తిప్పినోడికే సెవుల్లేవు.”

నేను మొహం సందు వైపు తిప్పుకున్నాను. అతను టంకం ముక్క ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకున్నాడు.

“కోపమొచ్చిందేటి బావా? తోమా మావ పాట నాకు తెల్దేటి? నిరుడు మా కాశీబుగ్గ పెళ్లిలో ఆయన పక్కనే నడిసేను. రెండు రోజులు నా సెవుల్లో ఈగ తిరిగినట్టు ఉండిపోనాది. కొత్త పాట్ ఏస్తాను. మల్లీ పది మీదే పెడతాడు. మల్లీ ఇరుగుతాది.”

అప్పుడు అయ్యగారి సంగతి చెప్పాను. పసిపిల్లలు, తవిటమ్మ మామ్మ, అనూష కీబోర్డు, గుడ్ ఫ్రైడే.

బాబ్జీ సొరుగు లాగి వేలుతో కెలికి ఒకటి తీశాడు. చీపురుపుల్ల ముక్కంత ఉంది. మీద నాలుగు రంగుల గీతలు.

“రెసిస్టెన్సు. ఇది పాట్ వెనకాల ఏసీస్తే పది దాకా తిప్పినా నాలుగు దాటదు. కల్యాణ మండపాలోళ్లు డీజే గుంటల బాధ పడలేక నా సేత ఇలాగే ఏయించుకుంటారు. నాబు తిరుగుతాది, అంకెలు మారతాయి. ఆయన మనసు ఆయనకి, మన సెవులు మనకి.”

అమ్మకి ఫోను చేశాను. అంతా విని, “మీ నాన్న చోటు పోకుండా ఉంటాదా?” అని ఒకటే అడిగింది.

“ఉంటాది.”

“అయితే ఏయించీ. ఆయనకి సెప్పక్కర్లేదు.”

బాబ్జీ టంకం పొగ పైకి లేస్తుంటే నేను బయటికి వచ్చి జీడిపెంకు గుట్టల వైపు చూస్తూ నిలబడ్డాను. మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను. ఇప్పటికీ ఆ రోజు మీద నాకున్న కోపం అదే.

*

ఇంటికి వచ్చేసరికి నాన్న గుమ్మంలో ఉన్నాడు. ఏంప్లిని పసిబిడ్డని అందుకున్నట్టు అందుకున్నాడు. కొత్త నాబు నల్లగా, అంచు మీద వెండి గీతతో ఉంది. దాన్ని బొటనవేలితో నిమిరాడు.

“ఏటన్నాడు బాబ్జీ? ఏటి పోనాదట?”

ఎడం చెవి కాస్త నయం. దాని దగ్గర వంగి గట్టిగా అరిచాను. “పాట్ పోనాదట నాన్నా! పాట్!”

నాబు మీద వేలు ఆగింది.

“ఎవులన్నారు?”

“బాబ్జీయే!”

“వాయించి సూసేడా?”

“సూసేడు!”

ఏంప్లిని గుమ్మం పక్కన దించాడు. తర్వాత నెమ్మదిగా, “ఆడు నిరుడు పెళ్లిలో నా పక్కనే నడిసేడు. ఇన్నాడు. ఆడికి తెలుస్తాది” అన్నాడు.

పాట్ సంగతికీ, పెళ్లిలో పక్కన నడవడానికీ ఏమిటి సంబంధమని అప్పుడు నాకు తట్టలేదు. చెవులు మందమైనవాళ్లు ఒకటి అడిగితే ఇంకొకటి చెబుతారు కదా, అలాంటిదే అనుకున్నాను. ఆటో కడగడానికి వెళ్లిపోయాను.

ఆ పై ఆదివారం చర్చిలో ఏంప్లి బల్ల మీద పెట్టి, నాబుని పది దాకా తిప్పి, బెంజో ఒళ్లోకి తీసుకున్నాడు. మొదటి కీర్తన ఎత్తాడు. నేను మగవాళ్ల వైపు మూడో వరసలో ఉన్నాను. ఎంత బాగుందో చెప్పలేను. ఎన్నాళ్లకో మళ్లీ అది బెంజోలా వినిపించింది. పసివాడొకడు తల్లి ఒళ్లో నిద్రపోయాడు. తవిటమ్మ మామ్మ కళ్లు మూసుకుని తల ఊపింది. అమ్మ ఆడవాళ్ల వైపు నుంచి నన్ను చూసి కొంగు చాటున నవ్వింది.

నాన్న మధ్యలో ఒకసారి కుడిచెయ్యి తీసి నాబుని ముట్టుకున్నాడు. పది మీదే ఉంది. ఇంకోసారి ముట్టుకున్నాడు. తర్వాత ఇంక ముట్టుకోలేదు. తీగలు తెగుతాయేమో అన్నంత గట్టిగా మీటుతూ మూడు కీర్తనలూ పూర్తి చేశాడు.

ఆరాధన అయ్యాక జనం మూగారు. “ఈయేల వాయించేవయ్యా తోమా!” అని ఒకరు, “పాత రోజులు గుర్తొచ్చినాయి” అని ఒకరు. అయ్యగారైతే రెండు చేతులూ పట్టుకుని ఊపారు. నాన్న అందరి నోళ్లనీ చూస్తున్నాడు. ఒక్కొక్కరి నోటి వైపూ చూసి నవ్వుతున్నాడు. చచ్చినవాడి గురించి చెడ్డ చెప్పకూడదని అందరూ మంచే చెబుతుంటారే, ఆయన కళ్లకి అలా కనబడి ఉంటుంది.

జనం పలచబడ్డాక అనూషని పిలిచాడు. ఆ పిల్ల మా వీధిదే, టెక్కలిలో నర్సింగు చదువుతోంది.

“అమ్మా, ఏడో మాట ఈ ఏడు నువ్వు వాయించు.”

“అదేటి తాతా! నువ్వుండగా నానేటి?” ఆ పిల్ల గాభరా పడింది.

ఆమె ఏమందో ఆయనకి వినబడలేదు. తల మీద చెయ్యి పెట్టాడు. ఇంటికొచ్చి బెంజోనీ, ఏంప్లినీ ఉప్పుబస్తా ప్లాస్టిక్కులో చుట్టి, తాడుతో కట్టి, మంచం కింద తోశాడు.

“సౌండు బాగుందన్నారు గదా అందరూ! ఏటయిందీయనకి?” అంది అమ్మ.

“అలిగేడేమో” అన్నాను. ఎవరి మీదో చెప్పలేకపోయాను.

*

అయిదు వారాలు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మొదటి వారం సుఖంగా ఉందని ఒప్పుకుంటాను. రెండో వారం నుంచి అమ్మకి తోచలేదు. గిన్నెలు కావాలని గట్టిగా పెట్టేది. నాన్న తెల్లారకముందే మడికి పోయి ఎండెక్కాక వచ్చేవాడు. తినేవాడు, గోడకేసి తిరిగి పడుకునేవాడు. ఇప్పుడు “బియ్యం నేవు” అంటే “కయ్యమా” అని కూడా అనడం లేదు. అమ్మ అన్నదాన్ని పట్టుకుని ఏదో ఒకటి అనేవాడు ఇదివరకు. ఇప్పుడు ఆమె నోరు కదిలితే తల ఊపుతున్నాడు, అంతే.

ఒకరోజు లెవెల్ క్రాసింగు దగ్గర నాన్న నా ఆటోకి ముందు నడుస్తున్నాడు. హారను కొట్టాను. మళ్లీ కొట్టాను. ఆయన కాలి మడమకి మూరెడు దూరంలో బండి ఆపాల్సి వచ్చింది. దిగి భుజం పట్టుకుంటే ఉలిక్కిపడ్డాడు. ఆ సాయంత్రమే బలవంతాన ఆటో ఎక్కించి టెక్కలి చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి డొప్పలు తగిలించి, చేతికి మీట ఇచ్చారు. చప్పుడు వినబడినప్పుడల్లా నొక్కాలట. నేను కాగితం మీద రాసి చూపించాను. నాన్న నొక్కడం మొదలుపెట్టాడు. చకచకా నొక్కుతున్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

డాక్టరమ్మ ముందు నవ్వింది. తర్వాత నవ్వలేదు.

“నేనసలు చప్పుడు పెట్టకముందే నొక్కుతున్నారు. ఈయన ఏం చేస్తుంటారు?”

“ఉప్పు మళ్లలో పనండి. బెంజో వాయిస్తాడు.”

“అదీ సంగతి. తాళం వేస్తున్నారు.”

కాగితం నా ముందు పెట్టింది. రెండు గీతలు అడుగు దాకా జారిపోయి ఉన్నాయి.

“కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమది ఈమధ్యే. నెలా నెలన్నర కిందటి దాకా బాగా గట్టి చప్పుడైతే కాస్త వినబడి ఉండాలే. ఇంట్లో గమనించలేదా? టీవీ గాని, రేడియో గాని, ఏదైనా బాగా పెంచి పెట్టుకునేవారా?”

నేను ఆ గీతల వంకే చూస్తున్నాను.

“పెంచి పెట్టుకునేవాడండి” అన్నాను.

“ఇప్పుడు?”

“ఇప్పుడు పెంచటం లేదండి.”

చెవిలో పెట్టుకునే మిషను వల్ల పెద్ద లాభం ఉండదంది. పెద్దాసుపత్రికి కాగితం రాసి ఇచ్చింది. నాన్న బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే, “శానామట్టుకు సరిగ్గానే నొక్కేను గదరా?” అన్నాడు.

తల ఊపాను. నా వంతు వచ్చింది తల ఊపడానికి.

మర్నాడు మంచం కింద మూట విప్పి ఏంప్లి తీసుకుని పలాస వెళ్లాను. “అది తీసీ” అన్నాను. బాబ్జీ ఎందుకని అడగలేదు. రేకు విప్పి, చిన్న కత్తెరతో అటొకటి ఇటొకటి రెండు కత్తిరింపులు కత్తిరించి, ఒక చోట టంకం పెట్టాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ నాలుగు గీతల పుల్లని నా చేతిలో పెట్టాడు.

అమ్మకి అదే చూపించాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. ఆ పుల్లని రెండు వేళ్ల మధ్య పట్టుకుని వెలుగులోకి వెళ్లి చూసింది.

“పది మీద ఎడితేనే ఇనపడేదా మీ నాన్నకి?”

“ఊఁ.”

“మనకి ఎక్కువైనాది ఆయనకి సరిపోయేదన్నమాట.”

దాన్ని కొంగున ముడేసుకుని పొయ్యి దగ్గరికి పోయింది. ఆ పూట కూర మాడింది. ముగ్గురం తిన్నాం.

*

గుడ్ ఫ్రైడే నాడు నాన్న చర్చికి రానన్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, మళ్లీ విప్పేసి మడికి పోయే చొక్కా వేసుకున్నాడు. అమ్మ ఒక్కతే వెళ్లింది. వెళ్తూ నాకేసి చూసింది. రెండున్నరకి నేను బెంజో, ఏంప్లి ఆటోలో పెట్టి, నాన్నని చెయ్యి పట్టుకుని ఎక్కించాను. ఎక్కడికని అడగలేదు.

ఊరు దాటి, రైలు కట్ట దాటి, మళ్ల మధ్య గట్టు మీద ఉప్పుటేరు దగ్గరికి వెళ్లి ఆపాను. అక్కడ జడుసుకోడానికి పసిపిల్లలు లేరు. సెలవు కాబట్టి పనివాళ్లు లేరు. గీసి పోసిన ఉప్పు గుట్టలు, మీద ఎండ. ఏట్లో గూడబాతులు, కొంగలు ఒక వంద దాకా ఉన్నాయి. తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టుకుని, పిల్లల్ని లేపుకుని, మేతకి మా వైపు వస్తాయి. ఎండలు ముదిరాక వెళ్లిపోతాయి.

ఏంప్లి వైర్లు ఆటో బ్యాటరీకి తగిలించాను. బెంజో ఆయన ఒళ్లో పెట్టాను. నాబు దగ్గర చెయ్యి పెట్టి, నువ్వే తిప్పు అన్నట్టు ఆయన వైపు చూశాను.

“ఎందుకురా” అన్నాడు. అయినా తిప్పాడు. పది దాకా.

దూరంగా చర్చి మైకు వినిపిస్తోంది. ఆరో మాట అయిపోయి ఏడోది నడుస్తోంది. ఆయనకి అది తెలిసే వీల్లేదు. కానీ పొద్దు వైపు చూసి వేళ కట్టాడు. కుడిచెయ్యి ఎత్తాడు.

మొదటి దెబ్బకే నా ఛాతీ అదిరింది. గుండెల్లోంచి వెళ్లి, మళ్ల మీంచి పరుగెత్తి, ఏటి అవతలి గట్టుకి తగిలి తిరిగొచ్చింది ఆ పాట. ఒక్కసారిగా ఏరంతా లేచింది. గూడబాతులు, కొంగలు, ఇంకా ఏమేమో పిట్టలు, నీళ్లు దులుపుకుంటూ మా తలల మీదికి లేచాయి.

నాన్న తల ఎత్తి చూశాడు. చెయ్యి ఆగలేదు. పిట్టల్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ పిట్టల్ని చూశాడు.

“గట్టిగానే ఉన్నట్టుందిరా” అన్నాడు.

వాయిద్యం ఆపి, అరచెయ్యి ఏంప్లి మీద ఆనించి, రెండో చేత్తో ఒక తీగ మీటాడు. మళ్లీ మీటాడు.

“ఆ ఆదివారం ఇలగ అదరలేదిది. బాబ్జీ ఏటి సేసేడు?”

అరిచి లాభం లేదు. గట్టు పక్కన పరిచిన తడి ఉప్పు మీద వంగి వేలితో రాశాను. పాట్.

చదివాడు. “పాట. అవును. పోనాదన్నాడు గదా. ఆయేలే సెప్పేవు.”

అప్పుడు తెలిసింది నాకు, గుమ్మంలో ఆయన వేలు ఎందుకు ఆగిందో. అయిదు వారాలు ఆయన ఏ మాట మోస్తూ తిరిగాడో.

కాదు కాదని చేతులు ఊపాను. ఉప్పులో ట మీద పొల్లుని వేలు గుచ్చి ఇంకా లోతుగా గీశాను. నాబుని ఊడబెరికి దాని కింద కాడని ఒకసారి, ఉప్పులో రాసిన మాటని ఒకసారి చూపించాను. పాట్. పాట్.

ఆయన కాడని చూశాడు. అక్షరాన్ని చూశాడు. పెదాలు కదిపి లోపల్లోపల అనుకున్నాడు. పాట. పాట్.

“దీని పేరా!” భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వాడు. “పొల్లు తేడాయేట్రా? నానింకా...” నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. చేతికి ఉప్పుంది, ఇంకా మండాయి.

అక్కడితో ఊరుకోవచ్చు నేను. ఆయన ఇంక అడిగేవాడు కాదు. బాబ్జీ మీద తోసేసినా నమ్మేవాడు. కానీ ఆ పొల్లు పక్కన ఇంకో మాట రాశాను. తగ్గించింది నేనే.

నవ్వు ఆగింది. చాలాసేపు ఆ మాటల వైపు చూశాడు. తర్వాత వంగి, మడిలో ఉప్పుని చదును చేసినట్టే, అరచేత్తో ఆ చివర నుంచి ఈ చివరకి ఒక్కసారి తుడిచేశాడు. నేను రాసింది లేదు. పొల్లు కూడా లేదు.

పిట్టలు ఇంకా దిగలేదు. పైన తిరుగుతున్నాయి. దిగబోవడం, మళ్లీ లేవడం.

“అలిసిపోతాయిరా. దూరం ఎల్లాల అయ్యి” అన్నాడు.

నా చేతిలోంచి నాబు తీసుకుని కాడకి తొడిగాడు. ఎడమ వైపుకి తిప్పాడు. మా నాన్న దాన్ని ఎడమకి తిప్పడం నా జన్మలో చూడలేదు. ఎనిమిది, ఆరు, మూడు. టక్కుమని సున్నా దగ్గర ఆగింది.

మళ్లీ బెంజో మీద వంగి, ఆపిన దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. ఏంప్లి లేకపోతే బెంజో పలుకు ఎంతుంటుంది! తీగ సన్నగా, మీటలు టకటకమంటూ. ఆటో అవతల నిలబడితే వినబడదు. ఒక్కొక్క గూడబాతే ఏట్లో దిగింది. ఊళ్లో మూడయింది. అనూష కీబోర్డు మైకులోంచి తేలివచ్చి ఆగిపోయింది. జనం నోరెత్తకుండా ఇళ్లకి బయల్దేరి ఉంటారు.

నాన్న మాత్రం చివరిదాకా వాయించాడు. ఒక్క మీట తప్పిపోలేదు. నేను దగ్గరికి జరిగి, ఆయన మోకాలి పక్కన ఉప్పులో కూర్చుని, విన్నాను.